డబ్బా సౌండు ఆల్బమ్ పంచాయితీ

మెటాలికా వినేవాళ్లు ఇద్దరు ఒక టేబుల్ దగ్గర కూర్చుంటే మొదటి అరగంట స్నేహంగానే గడుస్తుంది. 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' గొప్పదా, 'రైడ్ ద లైట్నింగ్' గొప్పదా అని ముచ్చట్లు నడుస్తాయి. ఎవరు గెలిచినా ఎవరికీ కోపం రాదు. ఆ తర్వాత ఎవడో ఒకడు 'సెయింట్ యాంగర్' పేరెత్తుతాడు. ఇక అక్కణ్నుంచి చాయ్ చల్లారిపోతుంది.

ఈ బ్యాండు గురించి అంతగా తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తా. 1981లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైంది. డ్రమ్స్ వాయించే లార్స్ ఉల్రిక్, పాడుతూ గిటార్ వాయించే జేమ్స్ హెట్‌ఫీల్డ్... ఈ ఇద్దరే దానికి మూలస్తంభాలు. 1991లో వచ్చిన 'బ్లాక్ ఆల్బమ్' ఒక్క అమెరికాలోనే కోటిన్నరకు పైగా అమ్ముడుపోయింది. మీ ఫ్రెండ్స్‌లో ఎవరో ఒకరు గిటార్ కొన్న మొదటి నెలలో 'నథింగ్ ఎల్స్ మ్యాటర్స్' మొదటి నాలుగు నోట్లు వాయించి మీ ప్రాణం తీసే ఉంటారు. ఆ పాట అందులోదే. అలాంటి బ్యాండు 2003 జూన్ 5న ఒక ఆల్బమ్ వదిలింది. 11 పాటలు, 75 నిమిషాలు. విడుదలైన మొదటి వారమే అమెరికా బిల్‌బోర్డ్ చార్టులో నంబర్ వన్. టైటిల్ పాటకి మరుసటి ఏడాది గ్రామీ కూడా వచ్చింది. అయినా ఇరవై ఏళ్లు దాటాక కూడా అభిమానులు దాన్ని తిట్టుకుంటూనే ఉన్నారు.

తిట్లలో మొదటి తిట్టు స్నేర్ డ్రమ్‌కి. స్నేర్ అంటే డ్రమ్మర్ రెండు మోకాళ్ల మధ్య ఉండే చిన్న డ్రమ్ము. దాని కింది చర్మానికి ఆనుకుని సన్నటి తీగల వరుస ఒకటి ఉంటుంది. పైన కొడితే కింద ఆ తీగలు చిరచిరలాడతాయి. మనం పాటల్లో వినే ఆ 'ఠాప్' అనే పదును అక్కణ్నుంచే వస్తుంది. పక్కనే చిన్న మీట ఉంటుంది. అది దించితే తీగలు వదులైపోతాయి, డ్రమ్ము బోలుగా మోగుతుంది. ఒకరోజు ఆ తీగలు బిగించడం మర్చిపోయానని, తర్వాత రికార్డింగ్ విన్నప్పుడు ఆ సౌండే నచ్చిందని లార్స్ చెప్పాడు. నచ్చితే ఒక పాటకి పెట్టుకో నాయనా. మొత్తం ఆల్బమ్‌కి పెట్టేశాడు. మా హాస్టల్ భాషలో చెప్పాలంటే, మెస్‌లో వడ్డించేవాడు ఖాళీ అన్నం గిన్నెని గరిటెతో 75 నిమిషాలు వాయించినట్టుంటుంది.

మా ఇంట్లో ఈ పంచాయితీకి రెండు పార్టీలున్నాయి.

ఒక పార్టీ మా పెద్దమ్మ కొడుకు. నాకంటే పదేళ్లు పెద్ద. 2003లో ఇంటర్ చదువుతున్నాడు. పాకెట్ మనీ కూడబెట్టి క్యాసెట్ కొన్నాడు. అంతకుముందు సొంత కొత్త పాటలతో మెటాలికా ఇచ్చిన ఆల్బమ్ 1997 నాటి 'రీలోడ్'. అంటే ఆరేళ్ల ఎదురుచూపు. క్యాసెట్ టేప్‌రికార్డర్లో పెట్టి, మొదటి పాట 'ఫ్రాంటిక్' రెండు నిమిషాలు విని, మెషీన్ హెడ్ పాడైందేమోనని కొబ్బరినూనె రాసిన దూదితో తుడిచాడట. (అన్నయ్యా, హెడ్‌కి కొబ్బరినూనె ఏంటి అంటే, "అప్పుడు ఇంట్లో అదే ఉందిరా" అంటాడు.) తుడిచాక మళ్లీ పెట్టాడు. సౌండు అదే. "డబ్బులు పెట్టి కొన్నవాడికి తెలుస్తుందిరా ఆ నొప్పి. మీరంతా ఫ్రీగా విన్నారు కాబట్టి ఫిలాసఫీ మాట్లాడతారు" అనేది అన్నయ్య ఫైనల్ పాయింట్.

ఇందులో నిజం లేకపోలేదు. మా ఇంజినీరింగ్ రోజుల్లో మెటాలికా అంతా ఒకడి హార్డ్‌డిస్క్‌లోంచి ఇంకొకడి హార్డ్‌డిస్క్‌లోకి నడిచొచ్చింది. 2000లో ఇదే లార్స్ నాప్‌స్టర్ మీద కేసు వేసి, తమ పాటలు ఉచితంగా పంచుకుంటున్న 3 లక్షలకు పైగా యూజర్ల పేర్లు పట్టుకెళ్లి ఆ కంపెనీకి ఇచ్చాడు. ఆ బ్యాండు పాటలే మా హాస్టల్‌లో పెన్‌డ్రైవుల్లో తిరిగేవి. మాకు ఎదురుచూపు లేదు, ఖర్చు లేదు. అన్ని ఆల్బమ్‌లూ ఒకే ఫోల్డర్లో ఒకే రోజు దొరికాయి. ఆరేళ్లు ఆగినవాడి కోపం మాకెక్కణ్నుంచి వస్తుంది?

రెండో పార్టీ నా రూమ్మేట్. వాడికి ఈ ఆల్బమంటే ప్రాణం. వాడి సంగతి కాస్త ఆగి చెప్తా, ముందు అన్నయ్య వాదన సంగతి తేలాలి.

సౌండు బాగోలేదు కాబట్టి ఆల్బమ్ బాగోలేదు అనేది నేను ఒప్పుకోను. ఎందుకంటే 1988లో ఇదే బ్యాండు '...అండ్ జస్టిస్ ఫర్ ఆల్' అని ఒకటి చేసింది. అందులో బేస్ గిటార్ వినపడదు. ఇయర్‌ఫోన్స్ చెవిలో ఎంత లోతుకు తోసినా వినపడదు. రెండేళ్ల ముందు, 1986 సెప్టెంబర్‌లో స్వీడన్‌లో బస్సు ప్రమాదంలో వాళ్ల బేసిస్ట్ క్లిఫ్ బర్టన్ చనిపోయాడు. అతని చోట్లోకి వచ్చిన జేసన్ న్యూస్టెడ్ పాపం పాట పాటకీ వాయించాడు, మిక్సింగ్‌లో అతన్ని నొక్కేశారు. మరి ఆ ఆల్బమ్‌ని అన్నయ్య ఏమంటాడు? "క్లాసిక్" అంటాడు. గిటార్ వాయించేవాడి జీతం కట్ చేసినట్టు ఒక వాద్యం మొత్తాన్నే మాయం చేసినా క్లాసిక్కే. ఎందుకంటే పాటలు బాగున్నాయి. కాబట్టి కేసు స్నేర్ డ్రమ్ము మీద కాదు, పాటల మీద పెట్టాలి.

రెండో తిట్టు గిటార్ సోలోలు లేకపోవడం. మెటాలికాలో సోలో అంటే కర్క్ హామెట్. మన సినిమా పాటలో రెండో చరణానికి ముందు వచ్చే ఇంటర్లూడ్ తీసేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి, అలాంటిది. అప్పట్లో కార్న్, లింప్ బిజ్‌కిట్ లాంటి బ్యాండ్ల హవా. గిటార్ శ్రుతి బాగా దించేసి, సోలోలు లేకుండా వాయించడం ఫ్యాషన్. మెటాలికా కూడా శ్రుతి దించింది, సోలోలు ఎత్తేసింది. ఈ గొడవ స్టూడియోలో జరుగుతున్నప్పుడు కెమెరాలు నడుస్తూనే ఉన్నాయి, కాబట్టి మనం చూడొచ్చు. సోలోలు పెడితే పాత కాలం సౌండులా ఉంటుందని మిగతావాళ్లంటే, అసలు సోలో లేకపోవడమే ఈ ఆల్బమ్‌ని ఈ కాలానికి కట్టేస్తుంది అన్నాడు కర్క్. చూడండి, ఎవరి మాట నిలబడిందో. ఈరోజు ఆ పాటలు వింటుంటే 2003 అని నుదుటి మీద రాసినట్టే ఉంటుంది.

నా తిట్టు మాత్రం వేరే. నా దృష్టిలో అసలు జబ్బు పొడవు. ఒక్క పాట కూడా ఐదు నిమిషాల లోపు లేదు. 'సమ్ కైండ్ ఆఫ్ మాన్‌స్టర్' ఎనిమిది నిమిషాలు దాటుతుంది, 'ఇన్విజిబుల్ కిడ్' దాటుతుంది, చివరి పాట 'ఆల్ విదిన్ మై హ్యాండ్స్' దాదాపు తొమ్మిది నిమిషాలు. పాత మెటాలికాలోనూ ఎనిమిది నిమిషాల పాటలున్నాయి. అయితే అక్కడ పాట నాలుగు చోట్లకి తిప్పి తీసుకెళ్తుంది. ఇక్కడ ఒకే రిఫ్ వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. కారణం పని చేసిన పద్ధతిలోనే ఉంది. ఈసారి ఇంటి దగ్గర ఎవరూ రిఫ్‌లు తయారుచేసుకుని రాకూడదని నియమం పెట్టుకున్నారు. అందరూ కలిసి గంటలకొద్దీ వాయించడం, దాన్ని ప్రో టూల్స్ సాఫ్ట్‌వేర్లో ఎక్కించడం, బాగున్న ముక్కలు కోసి అతికించడం. కోడ్ రాసేవాళ్లకి ఈ వాసన వెంటనే తెలుస్తుంది. ఒకచోట పనిచేసిన ఫంక్షన్‌ని ఎనిమిది చోట్ల కాపీ పేస్ట్ చేసి, తర్వాత శుభ్రం చేద్దాంలే అని అలాగే రిలీజ్ చేసేసిన ఫైల్ ఇది. ఒక్క రివ్యూయర్ కూర్చుని ప్రతి పాటలో రెండేసి నిమిషాలు తీసేస్తే, ఆ డబ్బా సౌండుతో కూడా జనం సర్దుకుపోయేవాళ్లు.

రివ్యూ చేయాల్సిన ప్రొడ్యూసర్ బాబ్ రాక్ ఏమయ్యాడు అంటారా? ఆయన బేస్ వాయిస్తున్నాడు. నిజం. అప్పటికి బ్యాండులో బేసిస్టే లేడు.

ఇక్కడే నా రూమ్మేట్ రంగంలోకి దిగుతాడు. "ఇల్లు తగలబడుతుంటే గోడకి రంగు సరిగ్గా వేయలేదంటావేంట్రా" అంటాడు.

తగలబడటం అంటే నిజంగానే తగలబడింది. 2001 జనవరిలో జేసన్ న్యూస్టెడ్ బ్యాండు వదిలేశాడు. 14 ఏళ్లు వాయించినవాడు. వేరే ఒక చిన్న బ్యాండుతో కూడా పాటలు చేసుకుంటానంటే హెట్‌ఫీల్డ్ ఒప్పుకోలేదు. మిగిలిన ముగ్గురూ శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక పాత మిలిటరీ బ్యారక్స్ అద్దెకు తీసుకుని పని మొదలుపెట్టారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికే ఫిల్ టౌల్ అనే ఒక కోచ్‌ని పెట్టుకున్నారు, నెలకి 40,000 డాలర్లు. జూలైలో హెట్‌ఫీల్డ్ ఒకరోజు వెళ్లిపోయాడు. మద్యం, ఇంకా ఇతర అలవాట్ల నుంచి బయటపడటానికి రీహ్యాబ్‌కి. తిరిగి వస్తాడో రాడో, బ్యాండు ఉంటుందో ఉండదో మిగతావాళ్లకి తెలియదు. ఈ మొత్తం వ్యవహారాన్ని జో బెర్లింజర్, బ్రూస్ సినోఫ్‌స్కీ అనే ఇద్దరు దర్శకులు షూట్ చేస్తూనే ఉన్నారు. 2004లో అది 'సమ్ కైండ్ ఆఫ్ మాన్‌స్టర్' పేరుతో డాక్యుమెంటరీగా వచ్చింది. ఆల్బమ్ వినకపోయినా పర్లేదు, సినిమా మాత్రం చూడండి.

హెట్‌ఫీల్డ్ 2002లో తిరిగొచ్చాడు. వస్తూ ఒక షరతు తెచ్చాడు. మధ్యాహ్నం 12 నుంచి సాయంత్రం 4 వరకే పని. ఆ తర్వాత ఇల్లు, పిల్లలు, చికిత్స. పైగా తను వెళ్లిపోయాక మిగతావాళ్లు కూర్చుని రికార్డింగులు వినడం, వాటి గురించి మాట్లాడుకోవడం కూడా వద్దన్నాడు. సినిమాలో లార్స్ దీని మీద భగ్గుమంటాడు. గది మధ్యలో అటూ ఇటూ తిరుగుతూ, హెట్‌ఫీల్డ్ మొహంలో మొహం పెట్టి అరుస్తాడు. అసలు ఆల్బమ్‌లో కంటే ఈ సీన్‌లోనే ఎక్కువ హెవీ మెటల్ ఉంది.

హాస్టల్‌లో ఈ సినిమా చూసినప్పుడు గదిలో ఉన్న ఏడుగురం లార్స్ పార్టీ. రాక్ బ్యాండుకి ఆఫీస్ టైమింగులేంట్రా అని నవ్వులే నవ్వులు. ఉద్యోగాల్లోకి వచ్చాక గది ఖాళీ అయింది, మేమిద్దరం గచ్చిబౌలిలో ఫ్లాట్ తీసుకున్నాం. మూడేళ్లకి మా వాడికి నిద్ర పోయింది. పోవడమంటే పూర్తిగా పోవడం. రాత్రి రెండింటికి ఆన్‌కాల్ అలర్ట్ వస్తే లేచి కూర్చునేవాడు, అలర్ట్ రాకపోయినా రెండింటికి లేచి కూర్చునేవాడు. ఒకరోజు క్యాబ్‌లో చేతులు వణుకుతున్నాయని నేరుగా ఆసుపత్రికి పోయాడు. ఆరు వారాలు సెలవు. డాక్టర్ చెప్పినదాన్ని బట్టి, తిరిగి చేరేటప్పుడు మేనేజర్‌కి రాసిచ్చాడు, సాయంత్రం ఆరు దాటాక ఫోన్ తీయను అని. కంపెనీ కాగితం మీద ఒప్పుకుంది. టీమ్ ఒప్పుకోలేదు. ఎవడూ మొహం మీద అనలేదు, కానీ ఆరింటికి వాడు బ్యాగ్ సర్దుతుంటే కుర్చీలు తిరిగేవట. "సార్‌కి టైమైంది" అనే మాట వెనక నుంచి వినపడేదట. ఆ నెలల్లో వాడు ఇంటికొచ్చి పెట్టుకున్న ఆల్బమ్ ఇదే. వంటగదిలో నేను గుడ్లు వేయిస్తుంటే హాల్లో ఆ డబ్బా మోగుతుండేది.

"ఇది మంచి ఆల్బమని నేననట్లేదు మామా. బాగవకముందే పనిలోకి దిగినవాడి చప్పుడు ఇలాగే ఉంటుంది. బాగైపోయాక చేసి ఉంటే ఇలా ఉండేది కాదు, అప్పుడు నాకు పనికొచ్చేది కూడా కాదు" అంటాడు వాడు.

మొన్న సంక్రాంతికి అన్నయ్య మా ఫ్లాట్‌కి వచ్చినప్పుడు ఈ మాట అతని ముందే అన్నాడు. అన్నయ్య కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "తమ్ముడూ, నీ కష్టం నాకర్థమైంది. కానీ వాళ్ల కష్టానికి నేనెందుకు డబ్బులు కట్టాలి? డైరీ రాసుకుంటే రాసుకోమను. క్యాసెట్ చేసి అమ్మారు కదా?"

నన్నడిగితే ఇదే ఈ పంచాయితీలో అసలు ప్రశ్న. మనసులో ఉన్నది ఉన్నట్టు కక్కేశాం అన్నంత మాత్రాన వినేవాడు ఎందుకు భరించాలి? నిజాయితీ ఉంది, ఒప్పుకుంటా. నిజాయితీగా రాసిన బోరింగ్ పాట కూడా బోరింగే. 'షూట్ మీ అగైన్' ఎన్నిసార్లు విన్నా నాకు ఏడు నిమిషాల దండగే. అదే 'డర్టీ విండో' ఐదున్నర నిమిషాల్లో, పరిగెత్తుతూ, అద్దంలో తనని తాను చూసుకునేవాడి తిక్కనంతా పట్టుకుంది. రెండూ ఒకే కష్టంలోంచి వచ్చాయి. ఒకటి పాటైంది, ఇంకొకటి కాలేదు. కాబట్టి రూమ్మేట్ చెప్పే కారణం ఆల్బమ్ ఎందుకు ఇలా ఉందో చెప్తుంది, బాగుందని చెప్పదు. ఈ విషయంలో నేను అన్నయ్య వైపు.

అయితే అన్నయ్యకి కూడా నేను పూర్తిగా ఓటు వేయలేకపోవడానికి కారణాలున్నాయి. 2015లో కొందరు అభిమానులు ఈ ఆల్బమ్ మొత్తాన్ని మళ్లీ వాయించి, రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టారు. స్నేర్‌కి తీగలు బిగించారు, మామూలు మెటల్ సౌండు పెట్టారు. అన్నయ్య కోరుకున్నదే. విన్నాడు, "చూశావా, పాటల్లో దమ్ముందిరా" అన్నాడు. అంటే ఇన్నేళ్లూ పాటలే లేవని తిట్టిన నోరే! నేనూ విన్నా. బాగుంది, శుభ్రంగా ఉంది. రెండోసారి పెట్టుకోబుద్ధి కాలేదు. ఒరిజినల్‌లో హెట్‌ఫీల్డ్ గొంతు కొన్నిచోట్ల శ్రుతి తప్పి, చీలిపోయి ఉంటుంది. ఏడాది మాట్లాడని మనిషి మళ్లీ నోరు విప్పితే వచ్చే గొంతు అది. శుభ్రం చేసిన ఇంట్లో ఆ గొంతు లేదు.

బ్యాండు కూడా ఈ ఆల్బమ్‌తో దాగుడుమూతలు ఆడుతూనే ఉంది. లార్స్ ఎప్పుడడిగినా వెనకేసుకొస్తాడు. హెట్‌ఫీల్డ్ ఒకసారి, ఆ స్నేర్ రేకు సౌండు కొంచెం తగ్గితే బాగుండేదని, 'జస్టిస్'లో బేస్ కొంచెం పెరిగితే బాగుండేదని అంటూనే, అవి మా చరిత్రలో భాగం, ముట్టుకోము అన్నాడు. స్టేజీ మీద మాత్రం ఈ పాటలు చాలా అరుదు. 2011 అక్టోబర్‌లో వాళ్లు మొదటిసారి ఇండియా వచ్చారు. గుర్‌గావ్ షో ఆఖరి నిమిషంలో ఆగిపోయి గోలగోలైంది. రెండ్రోజుల తర్వాత, 30న, బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మాత్రం జరిగింది. అన్నయ్య హైదరాబాద్ నుంచి రాత్రి బస్సెక్కి వెళ్లి, బురదలో నిలబడి, గొంతు పోగొట్టుకుని వచ్చాడు. ఎనిమిదేళ్ల క్యాసెట్ కోపం ఆ ఒక్క రాత్రిలో సగం తగ్గిందని వదిన చెప్తుంది.

ఇక ఈ ఆల్బమ్‌లో అందరూ ముక్తకంఠంతో తిట్టే పాట ఒకటుంది. చివరిది, 'ఆల్ విదిన్ మై హ్యాండ్స్'. అన్నీ తన గుప్పిట్లోనే ఉండాలనుకునేవాడి పాట. ఆఖర్లో హెట్‌ఫీల్డ్ ఒకటే మాట పదేపదే అరుస్తుంటే ఇయర్‌ఫోన్స్ పీకేయాలనిపిస్తుంది. 2017లో బ్యాండు ఒక సేవాసంస్థ పెట్టింది. దానికి పెట్టిన పేరు ఈ పాటదే. 2019 సెప్టెంబర్‌లో శాన్ ఫ్రాన్సిస్కో సింఫనీతో కలిసి రెండు రాత్రులు వాయించినప్పుడు ఇదే పాటని నెమ్మదిగా, అకూస్టిక్ గిటార్లతో చేశారు. డబ్బా లేదు, అరుపుల్లేవు. కింద దాక్కున్న బాణీ ఒక్కసారిగా బయటికొచ్చింది. అది జరిగిన మూడు వారాల్లోపే హెట్‌ఫీల్డ్ మళ్లీ రీహ్యాబ్‌కి వెళ్తున్నాడని బ్యాండు ప్రకటించింది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ టూర్ ఆపేశారు. ఆ ఆల్బమ్ తర్వాత పదహారేళ్లకి.

ఆ కచేరీ వీడియో సంక్రాంతి రాత్రి మా హాల్లో పెట్టాం. అన్నయ్యకి ఈ వెర్షన్ ఉందనే తెలియదు. పాటయ్యేదాకా ఫోన్ ముట్టుకోలేదు. అయ్యాక, "ఇది ఇలా కూడా వచ్చేదైతే అప్పుడే ఎందుకు ఇలా చేయలేదురా?" అన్నాడు. రూమ్మేట్ నవ్వి, "అప్పుడు వచ్చేది కాదన్నా" అన్నాడు. మళ్లీ మొదలైంది. పదకొండున్నరకి నేను పడుకున్నా, వాళ్ల గొంతులు ఒంటిగంట దాకా వినపడుతూనే ఉన్నాయి.

వినాలనుకునేవాళ్లకి నా సలహా, మొత్తం 75 నిమిషాలకి కూర్చోవద్దు. 'ఫ్రాంటిక్', టైటిల్ పాట, 'డర్టీ విండో', 'ది అన్‌నేమ్డ్ ఫీలింగ్', ఈ నాలుగూ ఆ వరుసలోనే వినండి. తర్వాత 'ఆల్ విదిన్ మై హ్యాండ్స్' 2019 వెర్షన్, దాని వెంటనే 2003 వెర్షన్. వాల్యూమ్ మాత్రం సగానికి మించనివ్వకండి, ఆ డబ్బాకి కనికరం లేదు.